ఒడ్డు మిరపకు ఇచ్చిన మాట

సౌందర్య, పరిశోధన సహాయకురాలు, అణుజీవశాస్త్ర విభాగం

ఈ సోమవారం మధ్యాహ్నం మన విభాగంలో అందరం భోజనాలకు కూర్చున్నాం. మా అత్తగారు పంపిన సర్వపిండి డబ్బా మూత తీసి డాక్టర్ షాహీన్ సుల్తానా గారి ముందుకు జరుపుతున్నాను. అంతలో వారి ఫోన్‌కు ఒక మెయిల్ వచ్చింది. మేడం చదివారు. మళ్ళీ చదివారు. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, ఫోన్ నా చేతికిచ్చారు.

"నువ్వు చదువు సౌందర్యా. గట్టిగ చదువు. నేను చదివింది నిజమేనా సూడు."

నెల్లికుదురు వాస్తవ్యురాలు, రైతు వజ్రమ్మ గారి పేరు మీద 'ఒడ్డు మిరప' రైతు వంగడంగా నమోదైందనీ, ధ్రువపత్రం జతచేశామనీ అందులో ఉంది. నేను చదవడం ముగించేలోపే, మన క్షేత్ర సహాయకులు కరుణాకర్ గారు పెరుగన్నం చేత్తోనే లేచి నిలబడ్డారు. "గురువారం లోపల్నే వచ్చింది మేడం! మీ మాట మీద మన్ను పడలే!" అన్నారు. మేడం నవ్వబోయి, నవ్వలేక, సర్వపిండి ముక్క ఒకటి తీసుకుని, "కారం ఎక్కువైంది" అన్నారు. వారి కళ్ళలో తిరిగినది కారం వల్ల వచ్చిన నీరు కాదని అక్కడున్న అందరికీ తెలుసు.

ఆ గురువారం నేడే. నేటితో మేడం గారి ఉద్యోగ బాధ్యత ముగుస్తోంది. 'నేను నౌకరీ దిగేలోపల కాగితం తెచ్చి నీ చేతిలో పెడతాను' అని పదహారేళ్ళ క్రితం వారు వజ్రమ్మ గారికి మాట ఇచ్చారు. ఈ జూలై నెల మొదలైన నాటి నుంచి ఆ మాట మాలో ఎవరమూ వారి ముందు ఎత్తలేదు. ఎత్తే ధైర్యం చాలలేదు. మేడం మాత్రం రోజూ ఉదయం రాగానే ఫోన్ తెరిచి చూసి, మూసి, ఏమీ జరగనట్లు పనిలో పడేవారు.

మేడం గారి వీడ్కోలుకు వేస్తున్న ఈ సంచిక కోసం నేను మొదట రాసిన వ్యాసం వేరు. అందులో ప్రశంసలు చాలా ఉండేవి, సమాసాలు ఇంకా ఎక్కువ ఉండేవి. మెయిల్ చదివిన సాయంత్రమే దాన్ని వెనక్కి తీసుకున్నాను. ప్రెస్సు నడిపే కమలక్క, "బుధవారం పొద్దుటికి రాకుంటే నీ పేజీల నీ పెండ్లి ఫొటో వేస్త" అని బెదిరించారు. పెండ్లి ఫొటో అచ్చవడం నాకు అంత అయిష్టమేమీ కాదు గానీ, మేడం గారి పేజీ మేడం గారిదే కావాలి కనుక ఇది రాశాను.

షాహీన్ సుల్తానా గారు మన పరిశోధన కేంద్రంలో సహాయ శాస్త్రవేత్తగా చేరింది 1994 ఆగస్టు 16న. స్టేషన్ ఘన్‌పూర్‌లో రైలు స్టేషన్‌కు వెళ్ళే దారిలో కుట్టుమిషన్ పెట్టుకుని బతికిన ఉస్మాన్ గారు, అజీజ్‌బీ గారు వారి తల్లిదండ్రులు. వరంగల్‌లో డిగ్రీ, హైదరాబాద్‌లో డాక్టరేటు పూర్తిచేసి, పెద్ద నగరాల ప్రయోగశాలల్లో అవకాశాలు ఉన్నా, పుట్టిన ఊరికి బస్సు దూరంలో ఉన్న జనగామను వారు కోరి ఎంచుకున్నారు. మొక్కల అణుజీవశాస్త్రం చదివిన మనిషి ఈ కేంద్రానికి రావడం అదే మొదలు. ఆ శాస్త్రానికి కావలసిన గది కూడా ఇక్కడ లేదు.

ఎరువుల బస్తాలు పెట్టే కొట్టు ఒకటి ఖాళీ చేసి ఇచ్చారట. గోడలకు సున్నం వేయించి, కిటికీలకు గుడ్డలు కట్టి, దానినే ప్రయోగశాల అన్నారు. పరికరాలను శుద్ధిచేసే యంత్రం లేదు గనుక అజీజ్‌బీ గారి ప్రెషర్ కుక్కర్ ఆ కొట్టుకు వచ్చింది, తిరిగి ఇంటికి వెళ్ళలేదు. డీఎన్‌ఏను రెట్టింపులు చేసే పీసీఆర్ యంత్రం నేడు మీట నొక్కితే తన పని తాను చేసుకుంటుంది. ఆ రోజుల్లో వేర్వేరు వేడిలో ఉన్న నీళ్ళ తొట్లు మూడు వరుసగా పెట్టి, చిన్న గొట్టాల పలకను ఒకదాని నుంచి ఒకదానిలోకి గడియారం చూస్తూ చేత్తో మార్చేవారు. మేడం గారి భర్త, ఉపాధ్యాయులు ఉమర్ గారు బడి విడిచాక వచ్చి, గడియారం చూసే పని తీసుకునేవారు. "మా పెండ్లయిన కొత్తల సినిమాలకు పోలే, షికార్లకు పోలే. తొట్ల పక్కన కూసోని మూడు, రెండు, ఒకటి అని లెక్కపెట్టినం" అని ఉమర్ గారు నాతో అన్నారు. నాకైతే అది సినిమా కంటే బాగుందనిపించింది. ఆ సాయంత్రమే మా వారికి ఫోన్ చేసి చెప్పాను కూడా.

ఆ కొట్టులోంచే తొలి ఫలితాలు వెలువడ్డాయి. చెరువు నిండితే ఒక లెక్క, నిండకపోతే ఇంకో లెక్కగా బతికే బచ్చన్నపేట పత్తి రైతులు, కొన్న విత్తనం అసలైనదో కాదో పూత వచ్చే దాకా తెలియక నష్టపోతుండేవారు. మేడం విత్తన స్వచ్ఛతను నాటకముందే తేల్చే పరీక్షను ఇక్కడి వసతులకు తగినట్టు మలిచారు. తొలకరికి ముందు మన గేటు దగ్గర చిన్న చిన్న పొట్లాలతో రైతులు బారులు తీరడం ఆనాటి నుంచి మొదలై నేటికీ సాగుతోంది.

వారికి పండిత లోకంలో పేరు తెచ్చిన పని ఆ తర్వాతిది. పొలంలో జబ్బుపడిన ఆకు ప్రయోగశాలకు చేరేసరికి కుళ్ళిపోతుంది. మంచుపెట్టెలో తేవాలంటే ఊరూరికి మంచు ఎక్కడిది? ఆకును అద్దుడు కాగితం మడతలో పెట్టి, స్టీలు గ్లాసు అడుగుతో గట్టిగా నలిపి, రసం కాగితానికి ఇంకాక నీడలో ఆరబెడితే, ఆ పచ్చని మరకలోంచి వారాల తర్వాత కూడా వైరస్ జాడను పట్టవచ్చని మేడం నిరూపించారు. శాస్త్రవేత్త పొలానికి వెళ్ళనక్కరలేదు, రైతే మరక తీసి బస్సులో పంపవచ్చు. ఈ పద్ధతిపై వారు రాసిన పత్రాన్ని నేటికీ దేశవిదేశాల పరిశోధకులు తమ రచనల్లో పేర్కొంటున్నారు. మంచు దొరకని వేడి దేశాల ప్రయోగశాలలు ఎన్నో దానిని అనుసరిస్తున్నాయి. స్టీలు గ్లాసును మాత్రం ఒక విదేశీ పత్రికలో 'లోహపు గుండ్రటి పరికరం' అని రాశారు. ఆ పత్రిక పేజీని కరుణాకర్ గారు మన టీ గ్లాసుల పైన గోడకు అంటించారు, చూసే ఉంటారు.

అంత గొప్ప పద్ధతి ఒక చలికాలంలో పరువు పోగొట్టుకోబోయింది. ఈ కథ నేను కరుణాకర్ గారి నోట ఎన్నోసార్లు విన్నాను, మేడం నోట ఒకసారి విన్నాను. ఇద్దరి కథా ఒకటే కనుక నమ్మి రాస్తున్నాను.

2009లో మహబూబాబాద్ ప్రాంతపు మిర్చి తోటల మీద ఆకుముడత వైరస్ విరుచుకుపడింది. తెల్లదోమ మోసుకొచ్చే ఈ తెగులు సోకితే ఆకులు దోసిలిలా ముడుచుకుపోతాయి, చెట్టు గిడసబారుతుంది, కాయ నిలవదు. నెల్లికుదురు నుంచి గోడు ఎక్కువగా వినిపించింది. కరుణాకర్ గారు వెళ్ళి రైతులకు అద్దుడు కాగితాలు పంచి, నలిపే విధానం చూపించి వచ్చారు. మరకలు బస్సులో జనగామ చేరాయి. పరీక్షిస్తే చాలా వాటిలో వైరస్ ఉంది. వజ్రమ్మ అనే రైతు పంపిన కాగితాల్లో మాత్రం వైరస్ జాడే లేదు. ఆమె తోట అందరికంటే ఎక్కువ పాడైందని కబురు వచ్చింది. మళ్ళీ తెప్పించారు. మళ్ళీ శుభ్రంగానే ఉంది.

కళ్ళెదుట తోట చచ్చిపోతుంటే పరీక్ష 'జబ్బు లేదు' అంటోంది. తప్పు తన పద్ధతిలోనే ఉందని మేడం అనుకున్నారు. రసాయనాలు మార్చారు, నీళ్ళు మార్చారు, పరీక్షను మొదటి నుంచీ చేశారు. అప్పటికే ఆ పద్ధతిని వాడుతున్న ఇతర ప్రయోగశాలలకు 'కొంతకాలం ఆగండి' అని రాయడానికి సిద్ధపడ్డారు. శాస్త్రవేత్తకు అది ఎంత కష్టమైన మాటో ఈ రంగంలో ఉన్నవారికి చెప్పనక్కరలేదు. రాసేముందు ఒకసారి చేను చూసి వద్దామని కరుణాకర్ గారిని వెంటబెట్టుకుని నెల్లికుదురు వెళ్ళారు.

చేను నిజంగానే ముడుచుకుపోయి ఉంది. వజ్రమ్మ గారు మంచం వాల్చి, చెంబుతో నీళ్ళిచ్చి ఎదురుగా కూర్చున్నారు.

"అవ్వా, కాయితాలల్ల ఏ ఆకులు పెట్టి నలిపినవ్?" అని మేడం అడిగారు.

"మంచియే పెట్టిన బిడ్డా. ఒక్కొక్కటి ఏరి, కడిగి, కొంగుతోని తుడిసి పెట్టిన."

"మంచియా? రోగమొచ్చినయి పెట్టుమన్నడు గద కరుణాకర్!"

"అన్నడు. ఆయన మొగోడు, ఆయనకేం తెలుసు?" అన్నారట వజ్రమ్మ గారు. "జనగామ దాక పోయే సామాను. పెద్ద ఆఫీసుల పెద్ద డాక్టరమ్మ చేతుల పెట్టుకొని సూసేది. ముడుసుకపోయిన చెత్త పంపుతరా ఎవలన్న? మా ఊరి ఇజ్జత్ ఏం గావాలె?"

కరుణాకర్ గారు నవ్వు ఆపుకోలేక గట్టు దాకా నడిచి వెళ్ళారట. 'గట్టు' అని నేనూ కోస్తా పుస్తకాల భాషలో రాశాను, మన దగ్గర ఒడ్డు అనాలి. ఒడ్డు దాకా వెళ్ళారు. మేడం మాత్రం నవ్వలేదు. నలిగిన మరకలో మంచి ఆకు, ముడత ఆకు తేడా కనబడదు. తన పద్ధతి తప్పలేదు, ఆకులే వేరు. ఆ ఊరట కలిగిన క్షణంలోనే వారికి ఇంకో ప్రశ్న తోచింది. నా ఉద్దేశంలో వారి వృత్తి జీవితమంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

"చేను చేనంత ముడుసుకపాయె గద అవ్వా. గన్ని మంచి ఆకులు నీకు యాడ దొరికినయ్?"

"గవ్వి ఒడ్డు మీది చెట్లవి," అని వజ్రమ్మ గారు చేయెత్తి చూపించారు. "ఎప్పుడు గట్లనే ఉంటయ్. అమ్మేటియి కావు. ఇంట్ల కారానికి, తొక్కుకు. నా పెండ్లినాడు మా అమ్మ నాకు ఒడిబియ్యంల కలిపి పోసిన ఇత్తులు."

ఒడ్డు పొడుగునా, రోగంతో కుంగిన తోటకు ఆనుకునే, పచ్చగా నిటారుగా నిలబడి ఉన్నాయట ఆ మొక్కలు. తెల్లదోమ వాటి మీదా వాలుతోంది. వైరస్ మాత్రం వాటిలో నిలవడం లేదు.

మేడం దోసిలి పట్టారు. వజ్రమ్మ గారు విత్తులు పోస్తూ, "తీస్కపోయి పెద్దగ చేస్తవు. రేపు నీ ఆఫీసు పేరు మీద డబ్బాలల్ల అమ్ముతరు. మమ్ముల ఎవలడుగుతరు తీయ్" అన్నారు. అందులో కోపం లేదట, ముందే తెలిసిన సంగతిని చెప్పినట్టు చెప్పారట. అప్పుడు మేడం, "నీ పేరు మీదనే ఉంటది అవ్వా. నేను నౌకరీ దిగేలోపల కాయితం తెచ్చి నీ చేతుల పెడ్తా" అన్నారు.

ఆ దోసెడు విత్తనాల మీద జరిగిన కృషి మన కేంద్రానికి నిజమైన కీర్తి. ఒడ్డు మిరపను ఇతర రకాలతో సంకరం చేసి, తరం తర్వాత తరం పెంచి, వైరస్‌ను తట్టుకునే శక్తి ఏ జన్యువుల సమీపంలో ఉందో మేడం, వారి విద్యార్థులు గుర్తించారు. మొలక చిన్న ఆకులు తొడిగిన దశలోనే, అది తెగులును తట్టుకుంటుందో లేదో డీఎన్‌ఏ ద్వారా తేల్చే మార్కర్‌ను రూపొందించారు. ఒకప్పుడు కోత దాకా ఆగవలసిన నిర్ణయం ఇప్పుడు నారుమడిలోనే అయిపోతోంది. ఆ పరిశోధన పత్రం వెలువడ్డాక ఎక్కడెక్కడి మిరప పరిశోధకులో విత్తనం కోసం, సలహా కోసం మేడం గారికి రాశారు. వారి వద్ద డాక్టరేటు చేసినవారు నేడు స్వయంగా విభాగాలు నడుపుతున్నారు. ప్రతి పత్రంలోనూ కృతజ్ఞతల చోట మొదటి పేరు వజ్రమ్మ గారిదే ఉంటుంది.

విత్తనం మూలం వెతుక్కుంటూ మన బృందం వజ్రమ్మ గారి పుట్టింటి ఊరికి, భూపాలపల్లి వైపు కూడా వెళ్ళింది. అక్కడ అందరూ ఎప్పుడో హైబ్రిడ్లకు మారిపోయారు. ఆ మిరప పేరు చెబితే ముసలివాళ్ళకు కూడా రుచి మాత్రమే గుర్తుంది. అంటే ఒక పెండ్లికూతురు ఒడిలో దాటివచ్చినందుకే ఆ వంగడం ఈ భూమ్మీద మిగిలింది. ఈ వాక్యం రాసి నా పెండ్లి ఫొటో తీసి చూశాను. ఈ మేలో మా అమ్మ నా ఒడిలో బియ్యం పోస్తుంటే నేను ఫొటోగ్రాఫర్ వైపు చూసి నవ్వుతున్నాను.

పరిశోధన ముగిసినా మాట నెరవేరలేదు. ఈ మిరపకు మేడం గారి పేరే పెడదామని ఒక సమావేశంలో పెద్దలు ప్రతిపాదించారు. మేడం లేచి, "నాకు ముందే నోరు కారం అంటరు. మిరపకాయకు గూడ నా పేరు పెడ్తే ఉమర్ సాబ్ ఊరిడిచి పోతడు" అని నవ్వించి, ఆ ప్రతిపాదనను అక్కడే ముగించారు. రైతు వంగడంగా, రైతు పేరు మీదనే నమోదు చేయాలని వంగడాల నమోదు అధికారులకు దరఖాస్తు పంపారు. ప్రశ్నలు వచ్చాయి, జవాబులు వెళ్ళాయి. పరీక్ష కోసం భూపాలపల్లి దగ్గర వేసిన మడి ఒక వానకాలం వాగు పొంగి మునిగిపోయింది. మళ్ళీ వేశారు. ఏటా నారు పోసే కాలంలో మేడం నెల్లికుదురు వెళ్ళేవారు. "కాయితం వచ్చిందా? లేకుంటె నేను పోయినంక నా ఫొటోకు తగిలిస్తవా?" అని వజ్రమ్మ గారు ఎత్తిపొడిచేవారు. "నువ్వు యాడికి పోతవ్ అవ్వా, నిన్ను పోనియ్య" అని మేడం అనేవారు. ఇద్దరూ నవ్వుకునేవారు. ఏటేటా ఆ నవ్వు కొంచెం కొంచెం చిన్నదవుతూ వచ్చిందని కరుణాకర్ గారు అంటారు.

అధికారిగా మేడం ఎంత నియమబద్ధులో మనకందరికీ తెలుసు. నేను చూసిన ఇంకో ముఖం కూడా చెప్పి తీరాలి. పీసీఆర్ గదిలోకి గాజులతో వెళ్ళరాదన్నది వారు పెట్టిన నియమం. పెండ్లయి వచ్చిన మొదటి రోజు మోచేతుల దాకా గాజులతో ఆ తలుపు ముందు నిలబడ్డాను. కొత్త పెండ్లికూతురు గాజులు తీయకూడదని మా అత్తగారి మాట, వేసుకుని లోపలికి రాకూడదని మేడం గారి మాట. "ఏంది, గంత పరేషాన్ అయితున్నవ్? జర ఆగు" అని మేడం పొడవాటి చేతితొడుగులు తెప్పించి, వాటి అంచును తామే నా మోచేతి మీద టేపుతో అంటించారు. "సప్పుడు రావొద్దు, అంతే. పాపం గాజులేం జేసినయ్." ఆ తర్వాత వచ్చిన ఆషాఢంలో, మా వారు భూపాలపల్లిలో, నేను జనగామలో ఉన్న ఆ నెలంతా, నేను డీఎన్‌ఏ ఫలితాలు చూపే జెల్ చిత్రాల కంటే క్యాలెండర్‌ను ఎక్కువ చూశానని మేడం అందరికీ చెప్పారు. అది నిజమే.

ఇక వజ్రమ్మ గారి సంగతి. సోమవారం మెయిల్ చదివిన వెంటనే మేడం నెల్లికుదురుకు ఫోన్ కలిపి, మా అందరికీ వినిపించేలా పెట్టారు.

"అవ్వా, కాయితం వచ్చింది. నీ పేరు మీదనే వచ్చింది."

అటునుంచి "మొత్తానికి నౌకరీ దిగే ముందల తెచ్చినవ్" అన్న మాట వినిపించింది. "నువ్వే తెచ్చి ఇయ్యాలె. పోస్టుల పంపుతె తీస్కోను. శుక్రారం రా. శ్రావణ శుక్రారం. నీకు ఒడిబియ్యం పోస్త."

మేడం తడబడ్డారు. పెద్ద పెద్ద సదస్సుల్లో తడబడని మనిషి. "అవ్వా, మా దాంట్ల గా రివాజు లేదు" అన్నారు.

"రివాజు లేకుంటె ఏంది? ఒడి ఉన్నది గద!" అన్నారు వజ్రమ్మ గారు. "బిడ్డకు పోస్తరు ఒడిబియ్యం. ఇంత కష్టపడి ఇంటికొచ్చే బిడ్డను ఉత్తచేతుల పంపుతనా? బియ్యంల ఒడ్డు మిరప ఇత్తులు గూడ కలుపుత. ఇగ నౌకరీ లేదు గద, పెరట్ల పెట్టుకో."

పక్కనే ఉన్న కరుణాకర్ గారు, "అవ్వా, ఈసారన్న మంచియి పోయకు, రోగమొచ్చినయి పొయ్యి!" అని అరిచారు. అటునుంచి వచ్చిన తిట్టును ఈ సంచికలో అచ్చువేయడానికి కమలక్క ఒప్పుకోలేదు.

మాన్యులైన షాహీన్ సుల్తానా గారికి మన కేంద్రం తరఫున, విద్యార్థుల తరఫున, గేటు దగ్గర పొట్లాలతో నిలబడే రైతుల తరఫున నా నమస్సులు. తెగులు నడుమ నిలిచిన ఆ ఒడ్డు మొక్కల వలె వారు పచ్చగా, నిటారుగా, మరెన్నో ఏళ్ళు ఆరోగ్యంతో ఉండాలి. ఉమర్ గారితో ఇప్పటికైనా సినిమాలకు, షికార్లకు వెళ్ళాలి. పెరటి కారం మనకందరికీ ఏటా పంపుతుండాలి.

రేపటి నుంచి ఆఫీసు జీపు మీద తమకు హక్కు లేదని మేడం గట్టిగా చెప్పారు కనుక, తొర్రూరు మీదుగా బస్సులోనే ప్రయాణం. మాతో వచ్చేవారు రేపు ఉదయం ఏడింటికల్లా జనగామ బస్టాండ్‌కు చేరాలి. ధ్రువపత్రానికి పటం కట్టించాం, దాన్ని కరుణాకర్ గారు ఒళ్ళో పెట్టుకుని తెస్తారు. మా వారు గణేశ్ గారు భూపాలపల్లి నుంచి నేరుగా నెల్లికుదురు వస్తున్నారు. ఇది ఈ వ్యాసానికి అవసరం లేని సమాచారమే, అయినా రాశాను. కొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, రవికె గుడ్డ వజ్రమ్మ గారు ఇప్పటికే తెచ్చి పెట్టారట. మేడం గారు గట్టి కొంగున్న చీర కట్టుకుని వస్తే చాలు.